ఓర్పు వేరు, ఆలస్యము వేరు

ధ్యానభాగము: యోహాను 5:1-9

బేతెస్ద కోనేటి యొద్ద 38 ఏండ్లుగా వ్యాధితో పడియున్న మనుష్యుని సంగతి మనకందరికి తెలిసినదే. స్వస్థపడ గోరుచున్నావా అని ప్రభువు అడుగగా, అతడు తన వ్యాధిని గూర్చి చెప్పలేదు. తన్ను నీటిలోనికి దింపువారు లేరనియు, తాను వచ్చులోగా వేరొకడు ముందు దిగుచున్నాడనియు చెప్పుకొనెను. కోనేరు దగ్గరనే యున్నది. చేయి పట్టువాడే లేడు.

ఇటీవల ఒక సహోదరి విషయములో ఈ భాగము మాకు జ్ఞాపకము వచ్చినది. ఆమె కూలిపని చేసికొను తల్లి, వయస్సు 48. గ్రామములో నర్సమ్మ స్త్రీలకు రొమ్ము పరీక్ష చేసినప్పుడు ఈమెయు వెళ్లెను. 30 మొదలు 65 ఏండ్ల వరకు గల స్త్రీలకు ఐదేండ్లకొకసారి ఈ పరీక్ష చేయవలెనని కేంద్ర ప్రభుత్వము 2016లో మార్గదర్శకములు ఇచ్చినది. నొప్పి లేకున్నను చేయించుకొనవలసిన పరీక్ష ఇది. ఏలయనగా రొమ్ము కేన్సరు గడ్డ తరచుగా మొదట నొప్పి పెట్టదు. నర్సమ్మ చేతికి ఏదో అనుమానముగా తగిలినందున, పెద్దాసుపత్రిలో మామోగ్రాము, అనగా రొమ్ముకు తీయు ఎక్స్‌రే, తీయించుకొమ్మని చీటీ వ్రాసి యిచ్చెను.

మొదటిసారి వెళ్లగా ఆ దినమున ఫోటో తీయువారు రాలేదనిరి. రెండవసారి, చీటీలో బాప్తిస్మపు పేరు, ఆధార్ కార్డులో పుట్టింటి పేరు ఉన్నవని త్రిప్పి పంపిరి. విసిగి మూడవసారి ప్రైవేటు ఆసుపత్రికి పోగా, ఆరోగ్య బీమా కార్డు చేరి చికిత్స పొందువారికే గాని పరీక్షకు మాత్రమే వచ్చినవారికి చెల్లదనిరి. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ బీమా సంవత్సరమునకు కుటుంబమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరించును గాని, చేరకుండ చేయించుకొను పరీక్షలకు ఇయ్యదు. మూడు దినముల కూలి పోయెను. ఇంతలో కోతలు వచ్చెను. ఐదు నెలలు గడచెను.

ఆ దినములలో మనమేమి చేసితిమి? ఓర్చుకొనుమని చెప్పితిమి. రోగము లేకయే పరీక్ష లెందుకు, అది అవిశ్వాసము కాదా అని కొందరనిరి. వానకు ముందే చెరువు గట్టు చూచి వచ్చు రైతును అవిశ్వాసి యని ఎవరైన అందురా? దేవుడిచ్చిన నీటిని ఎరిగి కాపాడుకొనువాడే అతడు.

ఓర్పు దేవుని వరమే. అయితే అది మన బాధ మనము మోయుటకు ఇయ్యబడినది. పొరుగువారి బాధను వారిచేతనే మోయించి, మనము తీరికగా కూర్చుండి బోధించుటకు కాదు. ఆఫీసులలో నియమము లుండుటయు తప్పు కాదు. బీదల సొమ్ము అన్యులపాలు కాకుండ కాయుటకు అవి యుండవలెను. కాని ఇక్కడ కాదనినవారు ఎక్కడికి పోవలెనో చెప్పనియెడల, ఆ నియమము మనుష్యుని కోనేటి గట్టున విడిచిపెట్టినట్లే.

తుదకు మన అయ్యగారి భార్య ఆ సహోదరితో కూడ బయలుదేరెను. నర్సమ్మచేత ఆధార్ పేరుతో చీటీ మరల వ్రాయించెను. ఫోటో తీయువారు ఏ దినమున ఉందురో ముందుగా ఫోనులో అడిగెను. పెద్దాసుపత్రిలోనే, రూకలు లేకుండ, పరీక్ష జరిగెను. ఐదు నెలల ఆటంకము చదువు వచ్చినవారొకరు తోడు వచ్చినంతనే తొలగిపోయెను.

ఆ గడ్డ కేన్సరు కాదని తేలినది. దేవునికి స్తోత్రము చెప్పితిమి. అయితే ఆ స్తోత్రముతో మన తప్పును కప్పుకొనకూడదు. అనుమానముతో వచ్చిన స్త్రీకి 60 దినములలోగా నిర్ధారణ ముగియవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ గురి పెట్టినది. ఆమె 150 దినములు కనిపెట్టెను. అది కేన్సరే అయియుండినయెడల, ఆ దినములు ఎవరి లెక్కలో వ్రాయబడును?

కాబట్టి ప్రియులారా, స్త్రీల సమాజము వారు ఒక ఆదివారము కూడుకొని, ప్రతి తల్లి కార్డులలో పేర్లు ఒకటిగా ఉన్నవో లేవో చూడుడి. వెళ్లువారికి తోడు ఒకరిని, బస్సు ఖర్చును, ఇంటివద్ద బిడ్డలను చూచువారిని ఏర్పరచుడి. కాదనినచోట కారణము వ్రాసి యిమ్మని మర్యాదగా అడుగుడి. బీమా సంగతులు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర నడిగి తెలిసికొనుడి. గడ్డ చేతికి తగిలిన తల్లి తరువాతి శిబిరము కొరకు కనిపెట్టక, వెంటనే డాక్టరునొద్దకు పోవలెను.

ప్రభువు ఆ కోనేటి యొద్దకు తానే నడిచి వచ్చెను. ఆయన సంఘమైన మనము ఈ నెలలో ఎవరి యొద్దకు నడువవలెనో, మోకరించి ఆయననే అడుగుదము.