ఎరువు పిల్లలు

మన తెలుగులో అప్పు వేరు, ఎరువు వేరు. పక్కింటావిడ దగ్గర గ్లాసుడు పంచదార తెచ్చుకుంటే అది అప్పు. రేపు మరో గ్లాసుడు పంచదార ఇస్తాం గానీ, తెచ్చుకున్న ఆ పంచదారే ఇవ్వం గదా! అదే, పెళ్ళికి పెట్టుకెళ్ళడానికి కాసులపేరు తెచ్చుకుంటే అది ఎరువు. ఆ కాసులపేరే, ఒక్క కాసు తరక్కుండా, తిరిగి వెళ్ళాలి. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. పెట్టుకున్నంతసేపూ చెయ్యి మెడ మీదే ఉంటుంది! పాపం, ఇంగ్లీషు వాళ్ళు రెండింటికీ కలిపి లోన్ అని ఒకే మాటతో సరిపెట్టేసుకున్నారు.

ఆ మాట మనుషులకి వాడగా నేను మొదట విన్నది మా మేనల్లుడి నోట. వాడు ఇంజనీరింగ్ చదువుతూ, తీరిక దొరికినప్పుడూ దొరకనప్పుడూ కూడా కంప్యూటర్ ముందు కూర్చుని ఇంగ్లండులో ఓ ఫుట్‌బాల్ క్లబ్బు నడుపుతూ ఉంటాడు. అదో ఆట లెండి. 1992లో కాలియర్ అనే ఇద్దరు అన్నదమ్ములు 'ఛాంపియన్‌షిప్ మేనేజర్' అనే పేరుతో మొదలుపెట్టారట. 2004 నుంచి వాళ్ళ ఆట 'ఫుట్‌బాల్ మేనేజర్' అయింది. ఇందులో మనం బంతి తన్నక్కర్లేదు. ఎవర్ని కొనాలి, ఎవర్ని అమ్మాలి, ఎవర్ని కూర్చోబెట్టాలి - ఇదే పని. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు చేసే చాకిరీ లాంటిదే, కాకపోతే చెయ్యి తడవదు!

ప్రతి ఆటగాడికీ వేగం, ధైర్యం, పట్టుదల - ఇలా గుణగుణానికీ ఇరవైకి ఇన్ని అని మార్కులుంటాయి. వాటి వెనక కంటికి కనపడని అంకెలు రెండున్నాయి. ఇవాళ వీడెంతవాడు, ఎంత పెరిగినా చివరికి ఎంతవాడు కాగలడు అని, రెండు వందలకి. విధాత నుదుట రాసిన రాత అన్నమాట. మేనేజర్‌కి కూడా అది సూటిగా కనపడదు, ఊహించుకోవలసిందే. ఆ రాసింది నిజం కావాలంటే కుర్రాడికి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా మంచి శిక్షణ కావాలి, ఆ తర్వాత మ్యాచ్‌లు కావాలి. పెద్ద క్లబ్బులో ఆ పదకొండు మందిలో చోటెక్కడిది? అందుకని చిన్న క్లబ్బుకి ఓ ఏడాది ఎరువిస్తారు. జీతంలో కొంత వాళ్ళు, కొంత వీళ్ళు.

వినడానికి ముచ్చటగానే ఉంటుంది. చిన్న క్లబ్బుకి ఆటగాడు, కుర్రాడికి ఆట, పెద్ద క్లబ్బుకి ముదిరిన ఆటగాడు. అందరికీ లాభమే అయినప్పుడు ఇందులో తప్పొప్పుల మాటెందుకు అంటారేమో!

జర్మనీలో కాంట్ అనే తత్వవేత్త 1785లో ఓ పుస్తకం రాశాడు. బి.ఏ.లో మాకు ఆయన గురించి పాఠం ఉండేది. మనిషిని కేవలం సాధనంగా చూడకూడదంటాడాయన. ఈ వాక్యంలో ప్రాణమంతా 'కేవలం' అన్న మాటలో ఉంది. ఒకరినొకరం వాడుకోకుండా ఎవరికీ గడవదు. పాలవాణ్ణి నేను వాడుకుంటాను, నన్ను పాలవాడు వాడుకుంటాడు. అంతవరకూ ఆయనకేం అభ్యంతరం లేదు. వాడుకోవడం తప్ప ఇంకేమీ లేనప్పుడే చిక్కు.

హ్యారీ కేన్‌ని చూడండి. టాటెన్‌హామ్ వాళ్ళు పదిహేడేళ్ళప్పుడు, 2011లో, లేటన్ ఓరియంట్ అనే చిన్న క్లబ్బుకి పంపారు. తర్వాత మిల్‌వాల్, నార్విచ్, లెస్టర్. నాలుగిళ్ళు తిరిగి ఇంటికొచ్చాడు. 2023 నాటికి ఆ క్లబ్బు చరిత్రలోనూ ఇంగ్లండు జట్టు చరిత్రలోనూ అతనికంటే ఎక్కువ గోల్స్ చేసినవాడు లేడు. ఎరువంటే పొలానికి వేసేది కూడానూ, మన భాషే చెబుతోంది!

ఇక లూకాస్ పియాజోన్. బ్రెజిల్ నుంచి 2012లో పద్దెనిమిదేళ్ళ వాడు చెల్సీకి వచ్చాడు. స్పెయిన్, నెదర్లాండ్స్, జర్మనీ, ఇటలీ, పోర్చుగల్, మధ్యలో ఇంగ్లండులోనే రెండు చోట్ల - ఏడు క్లబ్బులకి ఎరువు వెళ్ళాడు. 2021లో చెల్సీని వదిలేనాటికి లీగులో ఆ క్లబ్బు తరపున ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. 2018లో ఆ క్లబ్బు వాళ్ళు అలా బయటికి పంపినవాళ్ళు నలభై మంది దాకా ఉన్నారు. నలభై మందిని పంపిన ఇంట్లో ఎంతమందికి తిరిగి మంచం వేసి ఉంటారు చెప్పండి?

కుర్రాడు ఒప్పుకుంటేనేగా పంపేది అంటారు. నిజమే, సంతకం పెట్టందే ఎవరూ పంపలేరు. ఆటలో కూడా నేను వెళ్ళనని మొరాయించేవాళ్ళున్నారు. కానీ పెద్దవాళ్ళు, 'నీ మంచికేరా' అని కలం చేతికిచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ళ వాడు పెట్టే సంతకాన్ని ఒప్పుకోవడం అనాలా, ఇంకేదన్నా అనాలా?

నన్ను ఇంతకంటే ఎక్కువ వేధించేది తెచ్చుకున్నవాళ్ళ సంగతి. ఎరువు తెచ్చిన నగకి మెరుగు పెట్టించేవాళ్ళని ఎక్కడన్నా చూశారా? మే నెలలో వెళ్ళిపోయే పిల్లవాడికి ఓపిగ్గా తప్పులు దిద్దాలంటే ఆ మేనేజర్ ఎంత ధర్మాత్ముడు కావాలి! ఆయన ఉద్యోగం శనివారం శనివారం గెలుపు మీద ఆధారపడి ఉంటుంది. పూర్వం మన పిల్లలు ఇంటికో పూట వారాలు చేసుకుని చదువుకునేవారు. ఏ తల్లి కొసరి వడ్డించేదో, ఏ ఇంట్లో చారునీళ్ళే గతో వాళ్ళకి చివరిదాకా గుర్తుండేది. తమ ఇంటి పిల్లాడు కాకపోయినా ఇంకో గరిటె వడ్డించే చెయ్యి ఉంటేనే ఈ ఏర్పాటు నిలుస్తుంది. ఒప్పందంలో ఆ చేతిని రాయడానికి గడి లేదు.

ఓ రోజు మా వాణ్ణి అడిగాను, "పంపేముందు ఏం చూస్తావురా?" అని.

"అక్కడ వీడి స్థానంలో ఇంకెవరున్నారో చూస్తానత్తయ్యా. ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తారో మాట తీసుకుంటాను. ఆడించకపోతే మధ్యలోనే వెనక్కి పిలిపించుకునే షరతు పెడతాను. నెలనెలా చూస్తూంటాను."

"చూడకపోతే?"

"బెంచీ మీద కూర్చుని కూర్చుని పాడైపోతాడు."

"వాడు ఉత్త అంకెలే గదుట్రా?"

"అంకెలే. అయినా నేనేగా పంపింది!"

వీడు ఇంటర్ రెండేళ్ళూ విజయవాడలో ఓ హాస్టల్లో గడిపినవాడు. నెలకోసారి ఇంటికి, ఆదివారం ఫోను. "మరి నీకా షరతు ఉండేదిట్రా, మధ్యలో పిలిపించుకునేది?" అన్నాను.

వాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "నాన్న ఫీజు ముందే కట్టేశాడుగా అత్తయ్యా," అన్నాడు. మా తమ్ముడు పక్క గదిలోనే పేపరు చదువుకుంటున్నాడు. పేజీ తిప్పిన చప్పుడు కాస్త ఆగింది.

ఇలాంటి ఆటలు పిల్లల్ని రాతి గుండెల వాళ్ళని చేస్తాయని భయపడేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. నేను చూసినంతలో, ఆటలో అంకెల్ని మా వాడు మనుషుల్లా చూస్తున్నాడు. నిజం క్లబ్బులే మనుషుల్ని అంకెల్లా చూడ్డం నేర్చుకున్నాయి. 2008లో ఎవర్టన్ క్లబ్బు వాళ్ళు ఆటగాళ్ళని వెతకడానికి ఈ ఆట తయారుచేసిన వాళ్ళ జాబితానే వాడుకునేందుకు ఒప్పందం చేసుకున్నారంటే చూడండి.

పంపడమే తప్పని నేననను. ఇంట్లోనే కూర్చోబెట్టి, ఆడనివ్వక, 'మా దగ్గరే ఉన్నాడుగా' అని మురిసిపోవడం కూడా ప్రేమేం కాదు. పియాజోన్‌ని ఏడు క్లబ్బులకి పంపినందుకు కాదు నాకు బాధ. మూడోసారికో నాలుగోసారికో, 'నీకు ఇక్కడ చోటు లేదు నాయనా, నీ దారి చూసుకో' అని ఎవరన్నా చెప్పి ఉండవలసింది. వదిలెయ్యడంలో కూడా ఓ మర్యాద ఉంటుంది. పేరు మనదిగా ఉంచుకుని, బతుకు ఊరూరా తిప్పడంలో అది లేదు.

ఫిఫా వాళ్ళకీ ఈ సంగతి ఎక్కినట్టుంది. 2022 జూలై నుంచి లెక్క పెట్టారు. మొదటి ఏడు దేశం దాటి ఎరువు పంపగలిగింది ఎనిమిది మందిని, మరుసటి ఏడు ఏడుగురిని, 2024 జూలై నుంచి ఆరుగురిని. బాగానే ఉంది గానీ, ఓ మినహాయింపు పెట్టారు. ఇరవై ఒక్కేళ్ళలోపు వాళ్ళై, ఆ క్లబ్బులోనే పెరిగిన పిల్లలైతే ఈ లెక్కలోకి రారు. ఎంతమందినైనా పంపుకోవచ్చు.