పట్టా ఎవరి పేర?

మొన్న సంక్రాంతికి మా అక్క కూతురు హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చింది. అక్కడ ఒక అమెరికా కంపెనీలో ఉద్యోగం దానికి. అరిసెలు వత్తుతున్న మా అమ్మకి ఫోనులో ఓ కాగితం చూపించి, "అమ్మమ్మా, పేటెంటులో నా పేరు పడింది" అంది.

మా అమ్మ కళ్ళజోడు సవరించుకుని, "అంటే పొలానికి పట్టా లాంటిదా? అయితే ఇక నీదేగా?" అంది.

"కనిపెట్టింది నేనని రాస్తారు. హక్కు మాత్రం కంపెనీది."

"పేరు నీదీ, పట్టా వాళ్ళదీనా? ఇదేం చోద్యమే!"

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఈ సంగతి కౌలు భాషలో చెబితే చప్పున అర్థమవుతుంది. ఆ పిల్ల కష్టానికి జీతం ఇక్కడికి వస్తుంది. పట్టా అమెరికాలోని అసలు కంపెనీ పేర ఉంటుంది. రేపు ఆ ప్రోగ్రామును బెజవాడలో ఎవరు కొన్నా, అందులో కొంత రాయల్టీ పేరుతో సముద్రం దాటుతుంది. రాయల్టీ అంటే కౌలే కదండీ! మన దేశం ఇలా బయటికి కట్టేది, మనకు వచ్చేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పూర్వం తెలివిగలవాళ్ళు ఓడెక్కి పెట్టుబడి ఉన్నచోటికి వెళ్ళేవారు. ఇప్పుడు పెట్టుబడే విమానమెక్కి వాళ్ళ దగ్గరికి వస్తోంది. పట్టా మాత్రం ఊరు మారలేదు.

అలా ఓడెక్కినవారిలో ఒకరు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన ప్రయాణానికి మామగారు డబ్బు సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. 1940లో ఆయన అమెరికన్ సైనమిడ్ కంపెనీకి చెందిన లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన ఆధ్వర్యంలోనే ఆరియోమైసిన్ వచ్చింది, బోదకాలు వ్యాధికి హెట్రజాన్ వచ్చింది. దోమలతో వేగే మన కోస్తా జిల్లాలకి ఆ మందు ఎంత అవసరమో వేరే చెప్పాలా? హక్కులు కంపెనీవి. న్యాయంగా చెప్పుకోవాలంటే ప్రయోగశాల ఖర్చూ, జీతాలూ, ఫలించని ప్రయోగాల నష్టమూ కంపెనీయే భరించింది. దాన్ని దొంగతనం అనడానికి నాకు నోరు రాదు.

కానీ పెట్టుబడి అంటే అదొక్కటేనా? ఆయన భార్య శేషగిరిగారిని ఇక్కడే వదిలి వెళ్ళారు. మళ్ళీ రానేలేదు, 1948లో అమెరికాలోనే పోయారు. ఆ మామగారి డబ్బుకీ, ఆవిడ పాతికేళ్ళ ఒంటరితనానికీ ఏ పట్టాలో వాటా రాశారు?

ఈ మాట పైకే అన్నట్టున్నాను. "అయితే ఉద్యోగం మానేయమంటావా పిన్నీ?" అంది మా అక్క కూతురు. నేనేం చెప్పను? దాని చదువుకి మా అక్క గొలుసు తాకట్టు పెట్టింది. ఆ జీతంతోనే కదా అది గొలుసు విడిపించింది!

మా అమ్మ అరిసె నూనెలోకి జారవిడిచి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"ఆ కాగితం ఇంకోసారి ఇటు చూపించవే. మీ అమ్మ పేరు ఎక్కడైనా ఉందేమో!"