మిగిలిన గంట యెవరిది?

యంత్రం మనిషి శ్రమను తగ్గిస్తుందనే మాటలో వివాదం లేదు. తగ్గిన శ్రమ యెవరి లెక్కలో జమ పడుతుందన్నదే ప్రశ్న. ఫ్యాక్టరీ విషయంలో యీ ప్రశ్న యెన్నిసార్లో వేసుకున్నాం. ఆసుపత్రి వార్డు విషయంలో వేసుకోవటానికి మాత్రం యెందుకో మొగమాటపడతాం.

మధుమేహ రోగి చేతికో పొట్టకో అంటించే గ్లూకోజు సెన్సారును తీసుకుందాం. సన్నని తీగ ఒకటి చర్మం కిందికి పోయి, కణాల మధ్యనుండే ద్రవంలోని గ్లూకోజును కొలిచి, కొద్ది నిమిషాలకొకసారి అంకెను పంపుతూ వుంటుంది. వేలు పొడిచి చూసే పద్ధతిలో, రాత్రి పదింటి పరీక్షకూ తెల్లవారుజామున నాలుగింటి పరీక్షకూ మధ్య యేం జరిగిందో తెలియదు. ఆ నడుమనే చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకు దిగి, ఇంకా కిందికి జారి, రోగి నిద్రలోనే స్పృహ తప్పవచ్చు. దాన్ని ముందుగా పసిగట్టే పరికరాన్ని కాదనటం తెలివితక్కువ.

2020 ఏప్రిల్‌లో, కోవిడ్ వుధృతంగా వున్నప్పుడు, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, ఇళ్ళలో వాడుకొనే యీ సెన్సార్లను ఆసుపత్రులలో వాడినా అభ్యంతరం చెప్పనన్నది. నర్సులు రోగి దగ్గరకు మాటిమాటికీ వెళ్ళనక్కర లేకపోవటం, రక్షణ దుస్తులు ఆదా కావటం అందులోని ప్రయోజనాలు. ఆనాటికి అది న్యాయమే. అంటురోగి కాని వాడి విషయంలో కూడా "నర్సు రానక్కర లేదు" అన్నది సుగుణంగా చెలామణీ అయితేనే చిక్కు.

వేలు పొడవటానికి వచ్చిన నర్సు చక్కెర ఒక్కటే చూసి పోదు. కంచంలో అన్నం అలాగే వున్నదా, పాదం మీద పుండు లేచిందా, మాట తడబడుతున్నదా, అన్నీ ఆ రెండు నిమిషాలలోనే ఆమె కంట పడతాయి. ఈ చూపుకు జీతాల పుస్తకంలో పద్దు లేదు. పద్దు లేని పని గనుకనే దాన్ని తీసివేయటం యాజమాన్యానికి అంత సులువు.

పోనీ, అంకె తిరుగులేనిదా? రక్తంలోని మార్పు సెన్సారుకు కొన్ని నిమిషాలు ఆలస్యంగా అందుతుంది. రోగి సెన్సారున్న చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే, లేని పతనాన్ని చూపవచ్చు. అనుమానం వస్తే మళ్ళీ వేలు పొడిచి చూడాలి. నిజంగానే చక్కెర పడిపోతే గ్లూకోజు నీళ్ళు తాగించాలి. రెండింటికీ మనిషి చెయ్యే కావాలి. ముప్పయి మంచాల అంకెలు ఒక్క తెరమీదికి తెచ్చి, దాని ముందు ఒక్క మనిషిని కూర్చోబెట్టినప్పుడు, రెండు గంటలు ఒక్కసారే మోగితే ఆమె యే మంచం వైపు పరుగెత్తాలి?

కనుక సెన్సారు వచ్చిన ప్రతి వార్డులోనూ నర్సుల సంఘం ముందుగా అడగవలసినది ఒకటున్నది: రాత్రి డ్యూటీకి నిరుడు యెంతమంది వుండేవారు, యీ యేడు యెంతమంది వున్నారు? పరికరంతో వచ్చే పుస్తకంలో యీ లెక్క వుండదు. హాజరు పట్టీలో వుంటుంది.