రాలిన వెండ్రుకలును విశ్వాసి మనస్సాక్షియు

చదువవలసిన వాక్యభాగములు: లేవీయకాండము 13:40–44, లూకా 12:4–7, మార్కు 5:25–34



గడచిన శ్రమకాలములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మా సంఘములోని ఒక తల్లి వెళ్లిపోక, గుడి అరుగుమీద కూర్చుండి నా కొరకు కనిపెట్టుచుండెను. ఆమె కుమారునికి ఇరువదియేడేండ్లు. నుదురు వెనుకకు జరిగి, నడినెత్తి పలుచబడినది. రెండు సంబంధములు వచ్చి తప్పిపోయినవి. "అయ్యగారూ, అర ఎకరం తాకట్టు పెట్టి పట్నంలో జుట్టు నాటించుకుంటానని పిల్లోడు పట్టుబట్టి కూర్చున్నాడు. ఇది పాపమో కాదో మీరొక్క మాట చెప్పండి, ఆ మాటే వాడికి చెబుతాను" అని ఆమె అడిగెను.

నేను ఆలోచింపకయే మొదటి సమూయేలు 16వ అధ్యాయము ఎత్తితిని. మనుష్యులు పైరూపమును చూతురు గాని దేవుడు హృదయమును చూచునని చెప్పి, ప్రార్థనచేసి పంపివేయవలెనని నా తలంపు. ఆమె తలవంచుకొని విని, "దేవుడు హృదయాన్నే చూస్తాడు అయ్యగారూ, కాదన్ను. పిల్లనిచ్చేవాళ్లు మాత్రం తలే చూస్తున్నారు" అనెను.

ఆ మాటకు నా యొద్ద ఉత్తరము లేకపోయెను. వచ్చే ఆదివారము చెప్పెదనంటిని. ఆ వారమంతయు నేను వాక్యమును వెదకినదియు, తెలిసిన డాక్టరుగారిని అడిగి తెలిసికొన్నదియు ఇక్కడ వ్రాయుచున్నాను; ఎందుకనగా ఈ చింత ఆ యొక్క ఇంటిలోనే లేదు.

లేవీయకాండము పదుమూడవ అధ్యాయమును మనలో అనేకులు చదువక దాటవేయుదురు. కుష్ఠును గూర్చిన సంగతులే గదా అని. అయితే ఆ అధ్యాయము నడుమ దేవుడు బట్టతలవానిని జ్ఞాపకము చేసికొనెను. ఒకని వెండ్రుకలు రాలిపోయినను వాడు పవిత్రుడే. నుదుటి ప్రక్కను రాలినను పవిత్రుడే. అయితే ఆ బట్టతలమీద ఎరుపు తెలుపు కలిసిన పొడ కనబడినయెడల అది వేరు సంగతి. ఇందులో యాజకుడు చేయవలసిన మొదటి పని ఏది? బోధించుట కాదు, గద్దించుటయు కాదు. దగ్గరకు వచ్చి చూచుట. ఏది రోగము, ఏది కాదు అని కనుగొనుట. నేను ఆ తల్లి కుమారుని తల చూడకయే వాక్యము చెప్పితిని గదా!

చూచువారికి తెలియునదేమనగా, వెండ్రుకలు రాలుట యంతయు ఒకటే కాదు. మన తలమీద సుమారు లక్ష వెండ్రుకలుండును. దినమునకు ఏబది మొదలు నూరు వరకు రాలుట ఆరోగ్యవంతులకును సహజమే. ఒక్కొక్క వెండ్రుక రెండు మొదలు ఆరు సంవత్సరములు, నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగి, పిమ్మట మూడు నెలలంత విశ్రమించి రాలును. అదే కుదురులో మరియొకటి మొలచును. పొలములో ఒక మడి కోతకు రాగా మరియొక మడి నారు దశలో నున్నట్లు, తలమీదను అన్ని వెండ్రుకలు ఒకేసారి కోతకు రావు.

అయితే టైఫాయిడు, డెంగీ వంటి పెద్ద జ్వరము వచ్చినను, కాన్పు జరిగినను, ఆపరేషన్ అయినను, తిండి తగ్గి మనిషి చిక్కిపోయినను, అనేక కుదుళ్లు ఒక్కసారిగా విశ్రాంతిలోనికి పోవును. రెండు మూడు నెలల తరువాత దువ్వెన నిండుగా వెండ్రుకలు వచ్చును. 2020, 2021 సంవత్సరములలో కరోనా జ్వరము తగిలి లేచినవారిలో ఎందరో దీనిని చూచి భయపడిరి. జ్వరము మరచిపోయిన తరువాత వచ్చును గనుక కారణము తట్టదు. నీళ్లనో నూనెనో కొన్నిచోట్ల కోడలి జాతకమునో నిందింతురు. క్రైస్తవ గృహములలోను ఈ మాట వినబడుట విచారకరము. ఇట్టి రాలుడు అనేకులకు ఆరు నెలలు మొదలు సంవత్సరములోగా తనంతట తానే నిలిచి జుట్టు తిరిగి వచ్చును. బాలింతకు కావలసినది రెండువేల రూపాయల నూనెసీసా కాదు. ఒక పూట నిద్రయు, కడుపునిండ అన్నము, ఆకుకూర, గ్రుడ్డును. రక్తము తక్కువైనను, థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకున్నను జుట్టు రాలును. అది రక్తపరీక్షచేత తెలియును.

మరియొకటి పేనుకొరుకుడు. రూపాయి బిళ్లంత చోట నున్నగా ఊడిపోవును. పేరునకు పేను గాని ఇందులో పేనుకు పాలు లేదు. మన దేహమును కాపాడవలసిన రక్షకశక్తియే పొరబడి వెండ్రుక కుదుళ్లమీద పడుటచేత ఇది కలుగును. వెల్లుల్లి నూరి రుద్దుటయు, గరుకు ఆకుతో రక్తము చిందువరకు రాచుటయు మన పల్లెలలో ఇంకను పోలేదు. పసివారికి ఇట్లు చేయుట క్రూరత్వమని చెప్పక తప్పదు. చిన్న మచ్చలు అనేకమారులు సంవత్సరములోగా తామే మానును. మానకున్న చర్మవ్యాధుల డాక్టరు పూతమందో, మచ్చలో స్టెరాయిడ్ సూదిమందో ఇచ్చును. తలయంతయు ఊడిపోవునంత తీవ్రమైనదానికి 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ బారిసిటినిబ్ అను మాత్రను అనుమతించినది; అది రోగములను ఎదిరించు శక్తిని తగ్గించును గనుక డాక్టరు కనిపెట్టి చూడవలసిన మందు. పిల్లల తలలో పొట్టు రేగి వెండ్రుకలు విరిగి పడుచున్నయెడల అది తలతామర కావచ్చును. అది అంటుకొనును, పైపూత చాలదు, లోనికి మందు కావలెను. స్పర్శలేని పొడ కనబడినను, కనుబొమలు రాలుచున్నను ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లవలెను. కుష్ఠునకు నేడు ప్రభుత్వము మందు ఉచితముగా ఇచ్చుచున్నది. ఆ మందు పూర్తిగా వాడినవారు స్వస్థులగుచున్నారు. పాళెము వెలుపల కూర్చుండవలసిన దినములు గతించినవి.

ఇక ఆ యువకునిది వీటిలో ఏదియు కాదు. వంశములో వచ్చు బట్టతల. పురుష హార్మోను దేహములో డైహైడ్రోటెస్టోస్టిరోన్ అను మరియొక రూపము దాల్చి, దానికి లోబడు స్వభావము గల కుదుళ్లను క్రమముగా సన్నగిలజేయును. ఆ స్వభావము తండ్రి వైపునుండియు తల్లి వైపునుండియు రావచ్చును. స్త్రీలకును ఇట్టిది కలుగును గాని నుదురు వెనుకకు పోక పాపిట వెడల్పగును. ఇది పాపమువలన రాలేదు, టోపీవలన రాలేదు, ఉప్పునీళ్లవలనను రాలేదు.

దీనికి మందున్నదా? ఉన్నది, కొంతమట్టుకు. మినాక్సిడిల్ అనునది మొదట రక్తపోటు మాత్ర. మ్రింగినవారికి ఒంటిమీద వెండ్రుకలు పెరుగుట చూచి దానిని తలకు పూయు మందుగా చేసిరి. 1988లో అమెరికాలో అనుమతి దొరికెను. నాలుగు మొదలు ఆరు నెలలు విడువక పూసిన గాని ఫలము తెలియదు. మొదట కొన్ని వారములు రాలుట హెచ్చినట్లు కనబడును. అప్పుడే అనేకులు మానివేయుదురు. మానినయెడల కొన్ని నెలలలో వచ్చినది పోవును. ఫినాస్టరైడ్ అను మాత్ర పురుషులకు 1997లో ఇందుకొరకు అనుమతింపబడినది. కొందరికి దాంపత్య విషయములలో బలహీనతయు, మనస్సు కృంగుటయు కలుగవచ్చును గనుక డాక్టరు మాట లేనిదే కొనరాదు. గర్భిణీ స్త్రీలు దానిని వాడకూడదు. విరిగిన మాత్రను ముట్టనుగూడదు.

నాటుట యనగా క్రొత్త వెండ్రుకలు పుట్టించుట కాదు. న్యూయార్కులోని డాక్టరు నార్మన్ ఒరెంట్రైక్ 1959లో ప్రచురించిన సంగతి యేమనగా, తల వెనుక భాగమునుండి తీసిన కుదుళ్లు ముందుకు మార్చి నాటినను తమ మొదటి స్వభావమునే నిలుపుకొనును. మనము నారుమడినుండి తీసి నాటినట్లే. నారుమడి ఎంతయో నాటుబడియు అంతే. నాటినవి కొన్ని వారములలో రాలి, మూడు నాలుగు నెలలకు మరల మొలకెత్తి, సంవత్సరమునకు రూపము తేలును. ఖర్చు వేలతో మొదలై లక్ష దాటుటయు కలదు. ఇది శస్త్రచికిత్స, క్షౌరశాల పని కాదు. కొన్నిచోట్ల చదువులేని పనివాండ్లు చేయుటచేత ప్రాణాపాయములు కలుగగా, 2022లో జాతీయ వైద్య కమిషన్ తగిన శిక్షణ పొందిన డాక్టర్లే దీనిని చేయవలెనని సూచనలిచ్చినది. ఎవరు కత్తి పట్టుదురు, ఆయన చదువేమి అని అడుగుటకు సిగ్గుపడరాదు. ఎద్దును కొనునప్పుడు పండ్లు లెక్కపెట్టుదుము గదా.

సెల్‌ఫోనులో కనబడు నూనెల సంగతి వేరుగా చెప్పవలెను. మన దేశపు ఔషధ నియమములలో "జె" షెడ్యూలు అను పట్టిక యొకటి యున్నది. ఏ మందును తాను నయముచేయునని చెప్పుకొనరాని వ్యాధుల పట్టిక అది. అందులో బట్టతలయు నున్నది. అయినను నలువది దినములలో నల్లని జుట్టు అని ప్రకటనలు వచ్చుచునేయున్నవి. ప్రార్థించిన నూనె యని చిన్న సీసాలు అమ్మువారిని గూర్చి నేనేమియు వ్రాయను; యాకోబు పత్రిక అయిదవ అధ్యాయములోని నూనెకు వెల వ్రాయబడలేదని మాత్రము జ్ఞాపకము చేయుచున్నాను.

ఇప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్నకు వత్తును. ఇది పాపమా?

వైద్యము కోరుట పాపము కాదు. హిజ్కియా పుండుమీద అంజూరపు ముద్ద కట్టించినది ప్రవక్తయే. లూకా వైద్యుడు. కేన్సరు మందులచేత జుట్టు పోయిన సహోదరి విగ్గు పెట్టుకొనినయెడల గర్వమని ఎవరనగలరు? మన అవ్వలు సవరములు పెట్టి జడ వేసికొనిరి, ఏ పెద్దయు వారిని సభలో నిలువబెట్టలేదు. పురుషుడు అడుగగానే మనకు పేతురు పత్రిక జ్ఞాపకము వచ్చుట న్యాయము కాదు. ఇదేరీతిగా, స్త్రీకి తలవెండ్రుకలు ఘనత యని పౌలు వ్రాసిన మాటను రోగముచేత జుట్టు పోయిన ఆడపడుచు ఎదుట చదివి ఆమెను నొప్పించుటయు వాక్యమును వంకరచేయుటయే.

కొందరు, తలవెండ్రుకలన్నియు లెక్కింపబడియున్నవి గనుక ఒక్కటియు రాలనీయక దేవుడు కాపాడునని చెప్పుదురు. ప్రభువు ఆ మాట ఎవరితో పలికెనో చూడుడి. దేహమును చంపువారికి భయపడవద్దని శిష్యులతో చెప్పుచు పలికెను. వారిలో అనేకులు నిజముగా చంపబడిరి. లెక్కించుట యనగా రాలనీయకుండుట కాదు. రాలినదియు ఆయనకు తెలియుట. నాకైతే ఈ అర్థమే ఎక్కువ ఆదరణగా నున్నది.

అయితే తాకట్టు? ఇక్కడ నా మనస్సు ఆగినది. మార్కు సువార్తలోని స్త్రీ పండ్రెండేండ్లు అనేక వైద్యులచేత ఎన్నో తిప్పలుపడి, తనకు కలిగినదంతయు వ్యయముచేసి, మరింత సంకటపడెను. సువార్తికుడు ఆమెను నిందింపలేదు. ఆ డబ్బు లెక్కను మాత్రము మరువలేదు. ఆ అర ఎకరము యువకుని ఒక్కనిది కాదు. తల్లి అన్నము అందులోనిది, పెండ్లికావలసిన చెల్లెలి బ్రదుకు అందులోనిది. తన కూలితో తాను చేయించుకొనిన అది వాని యిష్టము. ఇతరుల కంచములోనిది తీసి తలమీద నాటుట మరియొకటి. పెండ్లిచూపులలో విగ్గు పెట్టి, పెండ్లియైన పిమ్మట తీయుట అబద్ధమే. నోటితో పలుకకున్నను అబద్ధమే.

మరి సంఘమైన మన మాటేమి? బేతేలు పిల్లలు ఎలీషాను బట్టతలవాడని ఎగతాళిచేసిరి. ఆ ఎలుగుబంట్ల కథ చెప్పి పిల్లలను భయపెట్టుదుము గాని, మన యౌవనుల కూటములో అదే మాట వినబడినప్పుడు నవ్వుదుము. విచారింపగా తెలిసినదేమనగా, ఈ యువకుడు మూడు నెలలుగా ప్రభువు బల్లకు రాలేదు. బల్లయొద్ద మోకరించునప్పుడు వెనుకనుండి నడినెత్తి కనబడునట. క్రిస్మసు కూటములో పాటకులలో ఒకడు దానిమీద హాస్యమాడెను. నేను అక్కడనే యుంటిని. నవ్వితినో లేదో జ్ఞాపకము లేదు. వారింపలేదని మాత్రము జ్ఞాపకమున్నది. అర ఎకరమును తాకట్టువరకు తెచ్చినది వాని గర్వమనుకొంటిని, మన నవ్వును అందులో పాలుపుచ్చుకొన్నది.

మరుసటి ఆదివారము నేనే వారి యింటికి వెళ్లి, మొదట ఆ సంగతి ఒప్పుకొంటిని. వాడు చాలసేపు మాటలాడలేదు. తరువాత ఇద్దరము కలిసి జిల్లా కేంద్రములోని ప్రభుత్వాసుపత్రి చర్మవిభాగమునకు వెళ్లితిమి. డాక్టరమ్మ వెలుగులో తల చూచి, తండ్రి తలను, మేనమామ తలను గూర్చి అడిగెను. "ఈ వయసులో ఇంకా రాలుతూనే ఉంటుంది బాబూ. ఇప్పుడే నాటిస్తే ముందు నాటింది నిలిచి వెనకది పోతే మధ్యలో ఖాళీ పడుతుంది. ముందు ఏడాది మందు వాడి చూడు, నాటే సంగతి తరవాత" అనెను. వాడు పూతమందు ఎంచుకొనెను, తన కూలి డబ్బులతో.

తొమ్మిది నెలలైనది. రాలుట తగ్గినది, నుదుటి దగ్గర పోయినది తిరిగి రాలేదు. ఈస్టరునాడు బల్లయొద్దకు వచ్చి ముందు వరుసలో మోకరించెను. గత నెలలో మరియొక సంబంధమువారు వచ్చినప్పుడు తువాలు తీసి కూర్చుండి, మందు వాడుచున్నానని వారు అడుగకముందే చెప్పెనట. ఆ సంబంధము ఇంకను తేలలేదు. అర ఎకరములో వరి కోతకు ముందే మినుములు చల్లిరి.