ఉత్తరపు గోడ నీడలో

కర్నూలు, కడపల్లో నీడ ఊరికే దొరకదు. ముందు తరంలో ఎవరో వేప నాటి ఉండాలి, లేదా ఇంటికి ఎత్తైన గోడ ఉండి ఉత్తరం వైపు కాస్త జాగా మిగిలి ఉండాలి. అంత అపురూపమైన నీడలో ఏమీ పెరగదన్న ఫిర్యాదు మాత్రం ఇంటింటా వింటాను. మందారం పూయదు, గులాబీ సన్నగా సాగి ఒరిగిపోతుంది, తులసి కూడా ముఖం వేలాడేస్తుంది. చివరికి ఆ మూల పగిలిన బకెట్లకూ, ఇల్లు కట్టగా మిగిలిన నాపబండల ముక్కలకూ దక్కుతుంది.

అక్కడ ఫెర్న్ పెట్టమంటే వింతగా చూస్తారు. ఫెర్న్ అనగానే ఊటీయో అరకో గుర్తొస్తుంది. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన, మేలో నలభై దాటే ఎండ ఉన్న రాయలసీమలో దాని ఊసెందుకు అంటారు. నర్సరీలో కొన్న బోస్టన్ ఫెర్న్ ఉగాది దాటగానే ఆకు కొసలు మాడ్చుకోవడం చూసినవాళ్లు అలా అనడంలో తప్పు లేదు. దానికి నీడ ఒక్కటే చాలదు, గాలిలో తేమ కూడా కావాలి. మన వేసవి గాలిలో లేనిది అదే. నీడ ఉన్నచోట తేమ ఉంటుందని తడి దేశాలవాళ్లు అనుకోవచ్చు. మనం రెండింటినీ విడివిడిగా చూసుకుని మొక్కను ఎంచుకోవాలి.

ఎంచుకోవడానికి దూరం వెళ్లక్కర్లేదు. సీమ కొండల రాళ్ల సందుల్లోనే మయూరశిఖ అనే ఫెర్న్ ఉంటుంది. జానెడైనా ఎదగదు. సన్నని కాడ కొసన ఆకు ఈనెలుగా చీలి చిన్న విసనకర్రలా విచ్చుకుంటుంది. బెట్ట పట్టిందంటే ఆ ఈనెలన్నీ దగ్గరికి ముడుచుకుని బూడిదరంగుకు తిరుగుతాయి. చేత్తో పట్టుకుంటే గరగరలాడుతుంది, ప్రాణం ఉందని ఎవరూ నమ్మరు. ఒక్క వాన పడనివ్వండి, ఒకటి రెండు రోజుల్లో అదే ఆకు మళ్లీ పచ్చబడుతుంది. కొత్త చిగురు వేయడం కాదు, ఎండిన ఆకే తిరిగి లేస్తుంది. ఇలాంటి మొక్కలు ఒంట్లోని నీటిలో తొంభై శాతానికి పైగా పోగొట్టుకుని కూడా బతుకుతాయి. ఎండే ముందు కణాల్లో చక్కెరలు కూడబెట్టుకుంటాయి. నీళ్లు ఖాళీ చేసిన చోట ఆ చక్కెరలే లోపలి పొరలు కూలిపోకుండా కాస్తాయి. ఇదే కోవకు చెందిన వెండి ఫెర్న్‌కు ఆకు అడుగున తెల్లటి పొడి ఉంటుంది. ఎండలో ఆకు లోపలికి చుట్టుకున్నప్పుడు ఆ తెలుపు బయటికి తిరిగి వెలుగును వెనక్కి కొడుతుంది.

మయూరశిఖ గురించి చాలాసార్లు ఆలోచించాను. ఓర్పు అంటే తుమ్మచెట్టులా ఎండకు ఎదురు నిలవడమేనని సీమలో పెరిగిన మనకు ఒక నమ్మకం. ఈ చిన్న మొక్క ఓర్పు వేరు. అది ఎదిరించదు. తనకు సరిపడే సందు చూసుకుంటుంది, రోజులు బాగాలేనప్పుడు ముడుచుకుంటుంది, పచ్చగా కనిపించాలన్న పట్టుదలను వదిలేసి పచ్చబడే శక్తిని మాత్రం దాచుకుంటుంది. నాకు ఇదే ఎక్కువ తెలివైన ఓర్పనిపిస్తుంది.

అయితే ఈ మాటను మొక్క దగ్గరే ఆపాలి. సీమ మనిషి ఎండకు అలవాటు పడ్డవాడు, ఓర్చుకుంటాడులే అన్న మాట చాలాకాలంగా నీళ్లు ఇవ్వకపోవడానికి సాకుగా పనికొచ్చింది. 1937 నవంబరులో కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర నీళ్ల వాడకంలో సీమకు ముందు చోటు అని రాసుకున్నారు. ఆ మాట నిలబెట్టండని ఇప్పటికీ అడగాల్సి వస్తోంది. వలస బండి ఎక్కిన కుటుంబం ముడుచుకుని వాన కోసం కాచుకున్న ఫెర్న్ కాదు. మనిషికి ఎండిపోయి మళ్లీ లేచే విద్య లేదు.

తోట సంగతికొస్తే, కుండీకి నేను ముందు చెప్పేది మయూరశిఖ కాదు, టెరిస్ విట్టేటా అనే ఫెర్న్. పేరు కొత్తగా ఉన్నా మొక్క కొత్తది కాదు. సున్నపు గార వేసిన పాత దిగుడుబావి గోడల్లో, కల్వర్టుల కింద, పొడుగాటి ఆకులు కిందికి వాల్చి ఉండేది అదే. చాలా ఫెర్న్‌లకు పడని సున్నం దీనికి ఇష్టం. మన నేలలో, నాపరాతిలో, బోరు నీళ్లలో ఉన్నదీ అదే సున్నం. కుండీ అంచున తెల్లగా పేరుకునే ఉప్పును చూసి ఇది బెదరదు. ఇంకో సంగతి: ఇది మట్టిలోని ఆర్సెనిక్‌ను లాగి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో ఫ్లోరిడా పరిశోధకులు ప్రకటించారు. అందుకే పశువులకు అందని చోట పెట్టడం మేలు.

ఏ ఫెర్న్‌నైనా కొండ మీది నుంచి పీక్కు రావద్దు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో ఫెర్న్ పిచ్చి ముదిరినప్పుడు అడవుల్లో, వాగుల పక్కన ఉన్నవి తవ్వి గాజుపెట్టెల్లో పెట్టుకున్నారు. కొన్నిచోట్ల అరుదైనవి తుడిచిపెట్టుకుపోయాయి. ఆ గాజుపెట్టె పుట్టుక మాత్రం ముచ్చటైనది. 1829లో నథానియల్ వార్డ్ అనే లండన్ వైద్యుడు చిమ్మట పురుగు గూడును తడిమట్టితో సీసాలో పెట్టి మూత వేస్తే, పొగకు తన తోటలో బతకని ఫెర్న్ ఆ మట్టిలో మొలిచింది.

గాజు కింద మొలిపించే ఆ దారి మనకూ ఉంది. బావిగోడ మీది టెరిస్ ఆకు ఒక్కటి చాలు. అడుగున అంచు వెంబడి గోధుమరంగు గీత కనిపించే ముదురాకు తెంపి కాగితం మడతలో రెండ్రోజులు ఉంచితే సన్నని పొడి రాలుతుంది. విత్తనం లాంటి సిద్ధబీజాలు అవే. మరిగించి చల్లార్చిన నీళ్లలో నానిన ఇటుక ముక్క మీద చల్లి, పళ్లెంలో వేలెడు నీళ్లు పోసి, పైన గాజుగిన్నె బోర్లించి ఉత్తరపు గోడ దగ్గర ఉంచాలి. కొన్ని వారాలకు ఇటుక మీద పాచిలాంటి పచ్చని పొర కడుతుంది. బయట మయూరశిఖలాంటివి ఎంత ఎండనైనా తట్టుకోనీ, ఈ దశలో మాత్రం ఆ పొర ఒక్కపూట ఎండినా పోతుంది. గిన్నె తీయకుండా ఓపిక పట్టాలి. అసలు ఆకులు మూడు నాలుగు వచ్చాక గిన్నెను రోజూ కాసేపు ఎత్తి గాలికి అలవాటు చేసి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, పాతగోడ సున్నపు పెళ్లల పొడి కలిపిన కుండీలోకి మార్చాలి. వానలు పడ్డాక మొదలుపెడితే సంక్రాంతికల్లా కుండీ నిలదొక్కుకుంటుంది, వేసవికి ముందు వేళ్లు దిగడానికి వ్యవధీ దొరుకుతుంది.