విడిచిపోవుట ధర్మమా, నిలిచియుండుట ధర్మమా?

యుద్ధము ఒక దేశపు జనమును రెండు విధముల తగ్గించును. కొందరిని చంపును, కొందరిని వెడలగొట్టును. చనిపోయినవారి కొరకు లోకము కన్నీరు విడుచును. వెడలిపోయినవారి విషయమున మాత్రము ఒక సందేహము మిగిలిపోవును. పుట్టిన నేలను, చేయుచున్న పనిని, ముసలి తల్లిదండ్రులను ఆపదలో విడిచి పోయినవాడు ధర్మము తప్పినవాడా? ప్రాణము కాపాడుకొనుట వాని హక్కా?

శ్రీకాకుళము జిల్లాలో నిమ్మాడ మొదలు టెక్కలి, పలాసల మీదుగా ఉద్దానపు తీరము వరకు గల పల్లెలకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఈ ప్రాంతపు పెద్దల నోట 'రంగం' అను మాట ఉండెడిది. రంగం అనగా బర్మా దేశపు రంగూను పట్టణము. వాన లేని యేడు, అప్పు తీరని యేడు, ఆనాటి గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి పేదలు మేస్త్రీల వెంట ఓడ యెక్కి రంగం పోయెడివారు. అచ్చట రేవులో బస్తాలు మోసిరి, బియ్యపు మిల్లులలో పని చేసిరి, రిక్షాలు లాగిరి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైబడి యుండిరి. రంగూను పట్టణ జనములో సగమునకు పైగా వారే.

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. రేవు కూలీలు అనేకులు ఆనాడే మరణించిరి. మిగిలినవారు పిల్లలను చంకనెత్తుకొని ఊరు విడిచి నడక సాగించిరి. 1942 మార్చి 8 నాటికి రంగూను జపానువారి వశమయ్యెను. కొందరు ప్రోము మీదుగా కొండలు దాటి అరకాను తీరమునకు, కొందరు తాము మార్గమున మణిపురమునకు, కడపట బయలుదేరినవారు హుకాంగు లోయ గుండా అస్సాముకు నడచిరి. కలరా, మలేరియా, ఆకలి వారి వెంట నడచినవి. సుమారు అయిదు లక్షల మంది భారతదేశము చేరిరి. త్రోవలో రాలిపోయినవారు వేలకు వేలు. వారిలో పెక్కుమందికి సమాధి లేదు, పేరు వ్రాసిన పలక లేదు. వచ్చి చేరిన తీరమును నిశ్చింతగా లేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపైనను బాంబులు పడినవి. అచ్చటి జనమును ఇండ్లు విడిచి లోపలి పల్లెలకు పోయిరి.

ఈ కథలో ధర్మవిచారమునకు ముఖ్యమైన ఘట్టము ఒకటి కలదు. కూలీలు పోయినచో రేవు ఆగిపోవునని, యుద్ధసామగ్రి దించువారుండరని తలచి, వారిని ప్రోము వద్ద నిలిపివేయుటకు, మరల పనికి రప్పించుటకు అధికారులు యత్నించిరి. సొమ్ము గలవారికి ఓడలలోను, పలుకుబడి గలవారికి విమానములలోను చోటు దొరికెను. కాలినడక దారులలో సైతము తెల్లవారికి ఒక వసతి, భారతీయులకు వేరొక వసతి అను భేదము పాటింపబడినదని ఆనాడు మన దేశమున తీవ్రమైన నిరసన చెలరేగెను. బస్తా మోసినవాని ప్రాణమునకు ఒక వెల, బస్తా గలవాని ప్రాణమునకు వేరొక వెల కట్టబడెను.

ఎనుబది యేండ్ల తరువాత అదే ప్రశ్న యుక్రెయిను దేశమున మరియొక రూపమున నిలిచినది. 1990 దశకపు తొలినాళ్లలో ఆ దేశ జనము అయిదు కోట్ల ఇరువది లక్షలు. 2001 జనాభా లెక్కలలో అది నాలుగు కోట్ల ఎనుబది నాలుగు లక్షలకు తగ్గెను. జననములు తగ్గుట, బ్రదుకుతెరువునకై పరదేశములకు పోవుట అందుకు కారణములు. 2022 ఫిబ్రవరి 24వ తేదీన రష్యా సైన్యములు పలువైపుల నుండి చొచ్చుకొని వచ్చిన పిదప ఆ తగ్గుదల వరదవలె అయ్యెను. 2014 నుండి ఆ దేశము సుమారు కోటి జనమును కోల్పోయినదని, ఒక స్త్రీకి సగటున ఒక్క బిడ్డయే కలుగుచున్నదని 2024 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి జనాభా నిధి తెలిపెను. దేశము దాటి పోయినవారిలో అధికులు స్త్రీలు, పిల్లలు. అచ్చట వైద్యవిద్య చదువుచుండిన తెలుగు బిడ్డలును 2022లో 'ఆపరేషన్ గంగ' విమానములలో ఇండ్లు చేరిరి.

యుద్ధము మొదలైన నాడే ఆ ప్రభుత్వము 18 నుండి 60 యేండ్ల పురుషులు దేశము దాటరాదని నిషేధించెను. 2025 ఆగస్టులో 18 నుండి 22 యేండ్ల వారికి మాత్రము ఆ కట్టు సడలించెను. రంగూను కూలీని నిలిపినవారును, యుక్రెయిను యువకుని నిలిపినవారును ఒకే పని చేసిరా? పైకి చూచిన ఒకటిగనే తోచును. లోపల భేదము కలదు. రంగూను కూలీకి ఆ పోరులో మాట లేదు, ఆ నేలపై హక్కు లేదు. తనను నిలుపుచున్నవాడు తన వారిని ముందుగనే ఓడ యెక్కించుచుండెను. యుక్రెయిను యువకుడు కాపాడవలసినది తన ఇంటినే. అయినను భయపడు ప్రాణికి భయపడు హక్కు లేదని చెప్పుట ఎవరికిని సులభము కాదు. నిలువుమని చెప్పువాడు తానును, తన బిడ్డయు నిలిచి చూపినగాని ఆ మాటకు బలము రాదు. ఆజ్ఞాపించువాడు తప్పించుకొని, ఆజ్ఞకు లోబడినవాడు చచ్చుచోట దేశభక్తి యను పేరు చెల్లదు.

శరణుల చరిత్రలోనే ఇట్టి సంకటము వచ్చినది. పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున కులభేదమును లెక్కింపక హరళయ్య, మధువరసుల కుటుంబములు వియ్యమందుటతో బిజ్జలుని రాజ్యమున హింస చెలరేగెను. శరణులు చెల్లాచెదరైరి. చెన్నబసవన్న, అక్క నాగమ్మ మొదలగువారు వచనముల కట్టలతో ఉళివి వైపు సాగిరనియు, వెంటాడిన సైన్యమును మడివాళ మాచయ్య వంటి వారు అడ్డగించి పోరిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. ఇందు పోయినవారిని పిరికివారని గాని, నిలిచినవారిని మూర్ఖులని గాని ఎవ్వరును అనలేదు. నిలిచినవారు పోవువారి దారి కాచిరి. పోయినవారు అందరి సొత్తును మోసికొనిపోయిరి. ఇరువురి ధర్మమును ఒకరికొరకు ఒకరు చేసినదే. ఎవ్వరును ఎవ్వరిని బలిచేసి తాము బ్రదుకలేదు.

బసవేశ్వరుని బోధలో స్థావర జంగమ విచారము ప్రధానమైనది. కదలునదే గొప్పది గనుక విడిచిపోవుటయే మేలని దాని నుండి అర్థము తీయుట పొరపాటు. కాళ్ల కదలిక మాత్రమే జంగమత్వము కాదు. ఇతరుల మేలు కొరకు మేల్కొనియున్న చైతన్యము జంగమము. అది గల ముసలి తల్లి ఊరు కదలకున్నను జంగమమే. అది లేనివాడు వేయి ఆమడలు పోయినను కదలని రాయియే. కావున నిలిచితివా, పోతివా యని అడుగుట కంటె, ఎవరి కొరకు నిలిచితివి, ఎవరిని విడిచి పోతివి యని అడుగుట న్యాయము.

ఈ ప్రశ్న వెడలినవానికే కాదు, చేర్చుకొనవలసిన ఊరికిని కలదు. 1962లో బర్మాలో సైనికపాలన వచ్చి, వ్యాపారములు జాతీయము చేయబడిన తరువాత, 1964 మొదలు మూడు లక్షల వరకు భారతీయులు మరల కట్టుబట్టలతో తిరిగివచ్చిరి. వారిలో తెలుగువారు అనేకులు. విశాఖపట్టణమున 'బర్మా క్యాంపు' అను పేరు నేటికిని ఆ రాకను తెలుపుచున్నది. తాత పుట్టిన ఊరికి మనుమడు పరదేశివలె వచ్చెను. వాని మాటలోని యాసను చూచి నవ్వినవారు ఉండవచ్చును. వానికి ఒక పూట కూడు పెట్టి, ఒక పని చూపినవారు దాసోహము చేసినవారు.

2018 అక్టోబరున తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చిన నాడు ఉద్దానపు కుటుంబములు ఇదే విచారములో పడినవి. యుద్ధము లేకున్నను, నేల అన్నము పెట్టని నాడు బిడ్డను పొమ్మనవలెనా, ఉండుమనవలెనా యని తల్లి తల్లడిల్లును. పోయిన బిడ్డను ద్రోహి యనక, నిలిచిన బిడ్డను అసమర్థుడనక, ఇరువురికిని ఒకే పంక్తిలో విస్తరి వేయు ఇల్లు ధర్మము నెరిగిన ఇల్లు. యుక్రెయిను ఖాళీ ఇండ్లకు రేపు తిరిగివచ్చువారికిని, రానివారికిని అట్టి పంక్తియే కావలసియున్నది.