సాక్షి లేని తప్పు

ఆటలో తప్పొనర్చినవాడే తన తప్పును గుర్తించి, తానే శిక్షను విధించుకొనవలెనను నియమ మున్నచో, అట్టి నియమము లోకమున నిలుచునా? ఈ ప్రశ్నకు తెరచాప పడవల పందెము చక్కని దృష్టాంతము.

ముంబయిలో గేట్‌వే ఆఫ్ ఇండియా యెదుట తెల్లని చిన్న చాపలు నీటిపై తిరుగుట మనలో ననేకులు చూచియే యుందురు. ఈ వినోదము ఆంగ్లేయులతో వచ్చినది. అచ్చటి రాయల్ బాంబే యాట్ క్లబ్బు 1846లోనే స్థాపితమైనది. ఆంగ్లదేశమున వేసవిలో రాత్రి తొమ్మిది గంటలవరకు వెలుతు రుండును గనుక, కచేరీలు ముగిసిన పిదప క్లబ్బులవారు సరస్సులపై చిన్న పందెములు జరుపుకొందురు. లేజర్ అను పడవ పొడవు 4.23 మీటర్లు, చాప వైశాల్యము సుమారు 7 చదరపు మీటర్లు. సాధారణముగా నడుపువా డొక్కడే.

లంగరు వేసి తేలవిడిచిన గుర్తులను వరుసగా చుట్టి రావలెను. గాలి కెదురుగా నే తెరచాప పడవయు తిన్నగా పోజాలదు. ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు మరలుచు వంకరత్రోవన సాగవలెను. అందుచే గుర్తువద్ద పడవ లన్నియు మూగును. తప్పులు జరుగున దచ్చటనే. పడవ గుర్తునకు తగిలినచో వెంటనే తొలగి ఒక పూర్తి చుట్టు తిరుగవలెను. దారి యీయవలసినచోట నీయకున్న రెండు చుట్లు. ఆ లోపల వెనుకనున్నవారు దాటిపోవుదురు.

ఇట్టి సాయంకాలపు పందెములలో సాధారణముగా నీటిపై న్యాయనిర్ణేత యుండడు. తోటివాడు చూచినచో ‘ప్రొటెస్ట్’ అని కేక వేయును. దీనిని కొందరు చాడీ యందురేమో! చాడీ చాటున చెప్పునది. ఈ కేక యెదుటివాని చెవిని పడునట్లు, అప్పటికప్పుడే వేయవలెను. నా దృష్టిలో నిది మర్యాదయే.

అయినను ఎవ్వరును చూడనిచో? మసక వెలుతురులో, చాప చాటున, పడవ గుర్తును రాచుకొని పోయినది. గెలిచినవానికి దక్కునది పలకపై పేరు మాత్రమే. ఇంత స్వల్పమునకు ధర్మవిచార మేల యని యడుగవచ్చును. స్వల్పమగుటచేతనే యిది గట్టి పరీక్ష యని నా యభిప్రాయము. ఆకలిగొన్నవాని దొంగతనమునకు చెప్పుకొన నొక కారణమైన నుండును. ఇచ్చట నదియు లేదు. నేను ముప్పదియేండ్లు లెక్కల పుస్తకములతో గడపితిని. పెద్ద మొత్తములను నలుగురు సరిచూచెడివారు. చిల్లర ఖర్చుల పద్దును చూచువారు తక్కువ. గుమాస్తా యెట్టివాడో ఆ పద్దే చెప్పెడిది.

ఆదిపర్వమున, ఎవ్వరు నెరుగరని దుష్యంతుడు బొంకగా, శకుంతల యెన్నిన సాక్షులలో గాలియు, సంధ్యయు, అంతరాత్మయు గలవు. నన్నయ తెలుగున గూడ నీ ఘట్టమును మనము చదువుకొంటిమి. నాకొక శంక. గాలి పలుకదు, సంధ్య నిలువదు, అంతరాత్మను బుజ్జగింపవచ్చును. “తగిలినది పడవ కాదు, అల చప్పుడే” యని మనసు వాదించుటకు రెండు నిమిషములు చాలును. అందుకే కాబోలు, ఆ నియమము పశ్చాత్తాపము నడుగదు, ఒప్పుకోలు నడుగదు. ఆలస్యము చేయక తిరుగు మనును. మనసులోని వకీలు నోరు విప్పకమునుపే చుక్కాని తిప్పవలెను.

ఇందులో మరియొక చిక్కు గలదు. తిరిగినవాడు ఎందుకు తిరిగెనో ఒడ్డుననున్నవారికి తెలియదు. పడవ నడుప చేతగాక గిరగిర తిరుగుచున్నాడని నవ్వుకొందురు. అతడు చుట్టు ముగించి, చాప బిగించి, నాలుగు పడవల వెనుక సాగిపోవును.